భృంగి మూడో కాలు

బ్యాండులో వాయించడం నేర్చుకునేవాళ్లకి మొదట్లోనే వినబడే సలహా: "కాలు కొట్టు." కొన్నాళ్లు పోయాక, దాదాపు అదే గొంతుతో, "ఇక కాలు కొట్టడం మానెయ్" అని కూడా వినబడుతుంది. మొదటి సలహా ఇచ్చేవాళ్లు లయ ఒంట్లోకి దిగాలంటారు. రెండో సలహా ఇచ్చేవాళ్లు దిగిన లయ బయటికి కనబడకూడదంటారు. గిటారైనా, కీబోర్డైనా, ఈ రెండు సలహాల మధ్య ఎక్కడో ఒక గీత ఉందనీ, ఆ గీత దాటినవాడే అసలైన వాద్యగాడనీ మనకో నమ్మకం. ఆ గీత ఎవరు గీశారు, ఎవరిని బయట ఉంచడానికి గీశారు అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

నేను సంగీతం శాస్త్రబద్ధంగా చదువుకున్నవాణ్ణి కాను. బెంగుళూరులో కోడ్ రాసుకుని బతుకుతాను. శనివారాలు నలుగురం కలిసి వాయించే ఒక చిన్న బ్యాండులో బేస్ గిటారు నాది. పుట్టి పెరిగింది హిందూపురం పక్కన పరిగిలో. బెంగుళూరు ప్రాక్టీసు గదిలో కాలికి దొరికే గౌరవమూ, పరిగి పక్క ఊళ్లలో కాలికి దొరికే గౌరవమూ ఒకటి కాదు. ఒకచోట అది దాచుకోవాల్సిన అలవాటు, ఇంకోచోట అదే అసలు విద్య. ఈ తేడా రుచికి సంబంధించిందేనా, లేక దాని వెనక ఇంకేమైనా ఉందా అని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

ముందు కాలికి వ్యతిరేకంగా ఉన్న వాదం చెప్పాలి. అది కొట్టిపారేయదగ్గ వాదం కాదు.

ఒకటి, కాలు చేతిని నమ్మి నడుస్తుంది. కష్టమైన చోట చెయ్యి తొందరపడితే కాలూ తొందరపడుతుంది. వాయించేవాడికి మాత్రం చెయ్యీ కాలూ కలిసే ఉన్నాయి కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు కాలు గడియారం పని మానేసి అద్దం పని చేస్తున్నట్టు. రెండు, నలుగురూ నాలుగు కాళ్లు కొడితే బ్యాండులో నాలుగు గడియారాలు తయారవుతాయి. ఎవరి కాలు వాళ్లకి నిజం. మూడు, చెక్క స్టేజి మీద బూటు మడమ చప్పుడు మైకులోకి వెళ్తుంది. రికార్డింగులో అది పాటకంటే ముందు వినబడుతుంది.

మూడూ నిజాలే. మొదటిదానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తాళం దెబ్బ మీద మొదలవకుండా, దెబ్బ పడిన కాస్సేపటికి ఎత్తుకునే పాట ఏదైనా వాయించండి. కాలు దెబ్బ మీదే ఉండి చెయ్యి ఆలస్యంగా వస్తే ఆ కాలు పని చేస్తున్నట్టు. చెయ్యి ఎత్తుకున్న చోటికి కాలు కూడా జరిగిపోతే అది ఊరికే చేతికి వంత పాడుతున్నట్టు. మా బ్యాండులో ఈ పరీక్ష పెట్టుకున్నప్పుడు ఆ రోజంతా పాట ముందుకు సాగలేదు గానీ నవ్వులకు లోటు లేకపోయింది.

ఐతే ఈ వాదం ఎక్కడిదాకా వెళ్తుందో చూడాలి. కాలు చెడ్డ గడియారం కావచ్చు అన్నంతవరకే దీంతో రుజువవుతుంది. కనబడని కాలు మంచి గడియారం అని మాత్రం రుజువు కాదు. బూటు లోపల బొటనవేలు కూడా అంతే తేలిగ్గా తొందరపడుతుంది. "కాలు సరిగ్గా కొట్టు" అనడం సంగీతం గురించిన మాట. "కాలు కనబడనీయకు" అనడం మర్యాద గురించిన మాట. రెండో మాటని మొదటి మాటలాగా చెలామణి చేస్తున్నామన్నదే నా ఫిర్యాదు.

మా పక్క శ్రీరామనవమికో, ఊరి జాతరకో చెక్కభజన కట్టడం మామూలు. చేతుల్లో చెక్కలు, కాళ్లకి గజ్జెలు. పదిమందో పదిహేనుమందో వలయంగా నిలబడతారు. గురువు పాట ఎత్తుకుంటాడు, అందరూ అందుకుంటారు. ఇక్కడ నేర్చుకునేవాడికి పాటకంటే ముందు నేర్పేది అడుగు. "ఆ పిల్లోడికి అడుగు పడిందా?" అని అడుగుతారు తప్ప గొంతు సంగతి ఎవరూ అడగరు. అడుగు తప్పితే గజ్జెలు ఊరికంతా చెప్పేస్తాయి, దాచుకోవడానికి వీల్లేదు. బెంగుళూరు గదిలో రహస్యంగా ఉండాల్సిన కాలికి ఇక్కడ ఏకంగా గంటలు కట్టారు!

దీన్ని భక్తి, సంప్రదాయం అని వదిలేయకుండా కొంచెం ఇంజనీరు కళ్లతో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. వలయం అడ్డకొలత పది మీటర్లుంటే అవతలి మనిషి చెక్కల మోత ఇవతలి మనిషికి 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వినడానికి చిన్న అంకె. కానీ ఆ ఆలస్యంగా విన్న మోతకి నేను సర్దుకుని, నా మోత విని అవతలివాడు సర్దుకుని, ఇలా జరుగుతూ పోతే పాట కొద్దికొద్దిగా వెనక్కి లాగుతుంది. కంటికి ఆ ఆలస్యం లేదు. అవతలివాడి పాదం నేలని తాకడం తాకిన క్షణానే కనబడుతుంది. వలయంగా నిలబడటం వల్ల ప్రతివాడికీ ఎదుటివాడి కాళ్లు కనిపిస్తాయి. నలుగురి కాళ్లు నాలుగు గడియారాలవుతాయన్న అభ్యంతరానికి జవాబు ఇక్కడ ఉంది. కాళ్లని దాచినప్పుడే అవి వేరువేరు గడియారాలు. ఒకరి కాళ్లు ఒకరు చూసుకుంటుంటే అన్నీ కలిసి ఒకటే గడియారం.

ఇదొక్కటే కాదు. కాలు కొట్టడం అనే పనికి మా చుట్టుపక్కల ఎన్ని రూపాలున్నాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పద్యనాటకాల్లో హార్మోనియం సంగతే తీసుకోండి. సీమ పల్లెల్లో ఇప్పటికీ ఆడే కురుక్షేత్రం, సత్య హరిశ్చంద్ర నాటకాలకి వాడే లెగ్ హార్మోనియంలో గాలి తిత్తులు పాదాల కింద ఉంటాయి. రెండు చేతులూ మెట్ల మీదికి పోవాలంటే కాళ్లు తొక్కుతూనే ఉండాలి. అక్కడ పద్యానికి తాళం లేదు. నటుడు చివరి పాదం మీద రాగం తీస్తూ ఎంతసేపు నిలబడితే అంతసేపు హార్మోనిస్టు కాళ్లు ఆడాలి. ఈ కాలు లెక్క పెట్టదు, ఊపిరి పోస్తుంది. నటుడికి ఎంత దమ్ముందో కాళ్లతో కొలుస్తాడు హార్మోనిస్టు. "వన్స్ మోర్" అని జనం అరిచినప్పుడు నటుడి గొంతుతోపాటు అతని పిక్కలూ నొప్పెడతాయి.

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం ఇంకో రకం. ట్రంపెట్లు, క్లారినెట్లు, సైడ్ డ్రమ్ములు, ముందు పెళ్లికొడుకు స్నేహితుల డాన్సు. వాయించేవాళ్లు నడుస్తుంటారు కాబట్టి వేరే కాలు కొట్టడమంటూ ఉండదు, నడకే తాళం. కానీ ఊరేగింపు నడక పాట నడకంత వేగంగా సాగదు. డాన్సర్లు కదిలితేగానీ మేళం కదలదు. అందుకే మేళంవాళ్లు ఉన్నచోటే అడుగులేస్తారు, ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. పాట దౌడు తీస్తుంటే కాలు మాత్రం ఎదురుచూస్తుంటుంది. వేగాన్నీ దూరాన్నీ ఇలా విడదీయడం ఎంత కష్టమో కూర్చుని వాయించే నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

సంగీతం పక్కన పెట్టి ధర్మవరం వెళ్తే గుంత మగ్గం. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలో పెడతాడు. కింద తొక్కుడు చెక్కలు. కాలు తొక్కితే పడుగు పోగులు రెండుగా విడి దారి ఇస్తాయి, ఆ దారిలో చెయ్యి నాడెను పంపుతుంది. కాలు ముందు, చెయ్యి తర్వాత. ఈ వరస తలకిందులైతే నాడె పోగుల్లో చిక్కుకుంటుంది. ఇందాక చెప్పిన పరీక్ష గుర్తుందా? చేతికి దారి తెరిచే కాలు, చేతి వెనక పరిగెత్తే కాలు. మగ్గం ముందు ఆ తేడా తెలుసుకోవడానికి పరీక్షతో పనిలేదు, బట్టే చెప్తుంది.

ఇన్ని రకాల కాళ్లు మన చుట్టూ ఆడుతుంటే, మన సంగీత విమర్శలో కాలెందుకు కనబడదు? కచేరీల మీద రాసే సమీక్షల్లో గొంతు, గమకం, వేళ్లు, విరుపులు అన్నీ ఉంటాయి. తాళం మాట వస్తే చెయ్యి ఉంటుంది. ఆదితాళమంటే ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తర్వాత రెండుసార్లు దెబ్బా విసురూ. ఎనిమిది అక్షరాలూ అరచేతిలోనే. ఇది అందమైన ఏర్పాటు, కాదనను. పక్కవాడికి కూడా తాళంలో ఎక్కడున్నామో చూపించే ఏర్పాటు. కానీ రెండు చేతులూ వాద్యానికి ఇచ్చేసిన వయొలిన్ విద్వాంసుడు తాళం ఎక్కడ పెట్టుకుంటాడు? దగ్గర కూర్చుని చూస్తే పంచె అంచు కింద కాలివేళ్లు కదులుతుంటాయి. అందరికీ తెలుసు, ఎవరూ రాయరు.

ఎందుకు రాయరంటే, కచేరీ అనే ఏర్పాటే కూర్చోవడం మీద కట్టింది. కూర్చోవడం మన సమాజంలో ఒక హోదా. నిలబడి, నడుస్తూ వాయించే వాద్యాలు ఎవరివో ఒకసారి గుర్తు చేసుకోండి. డప్పు, ఉరుము, డోలు. ఉరుముల కళకి మా అనంతపురం ప్రాంతం పెట్టింది పేరు. ఆ వాద్యాలు వాయించిన కులాలకి చాలాచోట్ల పెద్దల ముందు కూర్చునే హక్కే లేదు. తమిళనాట నాగస్వర విద్వాంసుడు టి. ఎన్. రాజరత్నం పిళ్లై ఊరేగింపులో నడుస్తూ వాయించనని, వేదిక మీద కూర్చునే వాయిస్తానని పట్టుబట్టాడని చెప్తారు. ఆయన అడిగింది ఒక ఆసనం. ఆయన అడగడం న్యాయం. కానీ గౌరవం కావాలంటే కాళ్లు మడిచి కూర్చోవాల్సి రావడంలోనే కాలికి మనం ఇచ్చిన విలువ తెలిసిపోతుంది. కనబడే కాలు కూలివాడిది, మడిచిన కాలు విద్వాంసుడిది. బ్యాండు గదిలో "కాలు కొట్టడం బిగినర్ల పని" అని ఇంగ్లీషులో అనేవాళ్లకి ఈ చరిత్ర తెలియకపోవచ్చు. మాట మాత్రం అక్కడికే చేరుతుంది.

భాష మాత్రం కాలిని మరిచిపోలేదు. పద్యంలో వరసని పాదం అంటాం. నాలుగు కాళ్ల జంతువులో ఒక కాలు నాలుగో వంతు కాబట్టి ఆ మాట వచ్చిందని చెప్తారు. గ్రీకువాళ్ల ఛందస్సులో ఆర్సిస్, థీసిస్ అనే మాటలకి మొదటి అర్థాలు కాలు ఎత్తడం, కాలు దించడం. రోమన్లకి స్కాబెల్లమ్ అని కాలికి కట్టుకుని తొక్కితే చప్పుడు చేసే తాళమే ఉండేది. యూరప్‌లో కాలిని పక్కకి నెట్టి కర్ర పట్టుకున్న రోజుల్లో, 1687లో, ఫ్రెంచి సంగీతకారుడు లుల్లీ నేల మీద కర్రతో తాళం వేస్తూ పొరపాటున తన కాలినే పొడుచుకున్నాడు. ఆ పుండు కుళ్లి చనిపోయాడు. తర్వాత 1815లో మెల్జెల్ మెట్రోనోముకి పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి తాళం మనిషి ఒంటిని వదిలి పెట్టెలోకి వెళ్లింది.

మన దగ్గర వేదిక మీద కాలికి పూర్తి అధికారం మిగిలిన చోట్లు రెండు. ఒకటి కూచిపూడి తరంగం. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తాళానికి ఆ పళ్లేన్నే నడిపిస్తుంది. రెండు బుర్రకథ. కథకుడి భుజాన తంబుర, బొటనవేలికి అందె, కాళ్లకి గజ్జెలు. పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ కథ చెప్పిన తీరు గురించి పెద్దవాళ్లని అడిగితే గొంతు సంగతి ఎంత చెప్తారో ఆయన ముందుకి దూకి వెనక్కి వచ్చే అడుగుల సంగతి అంత చెప్తారు. కథలో యుద్ధం వస్తే ముందు కాళ్లకి తెలిసేది.

ఈ వాదానికి నాకు దొరికిన మంచి సాక్ష్యం మాత్రం ఒక రాయి. హిందూపురం నుంచి పద్నాలుగు పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి. పదహారో శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయం. వచ్చినవాళ్లంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో తీసుకుని వెళ్తారు. నేను చూడమనేది నాట్యమండపం. అక్కడ స్తంభాల మీద ఒక పూర్తి బ్యాండు ఉంది. రంభ ఆడుతుంటుంది. తుంబురుడు వీణ, బ్రహ్మ మద్దెల, నంది కూడా వాద్యంతోనే. నాట్యం నేర్పే గురువు భృంగి. ఆయనకి మూడు కాళ్లు.

కథ తెలిసిందే. భృంగి శివుడికి తప్ప పార్వతికి ప్రదక్షిణ చెయ్యనన్నాడు. ఆమె కోపగించి అతని ఒంట్లో రక్తమాంసాలు లేకుండా చేసింది. నిలబడలేక కూలబోతుంటే శివుడు జాలిపడి మూడో కాలు ఇచ్చాడు. అంటే ఆ కాలు నిలబడలేనివాడికి ఇచ్చిన ఊత. "కాలు కొట్టడం చేతకానివాళ్ల ఊతకర్ర" అని బ్యాండు గదిలో అనే మాటకి దీనికంటే సరైన బొమ్మ ఉండదు. మరి లేపాక్షి శిల్పులు ఆ మనిషిని ఎక్కడ పెట్టారు? మూల స్తంభం మీద నవ్వుకోవడానికి పెట్టలేదు. రంభకి గురువుగా పెట్టారు. ఊత లేకుండా నిలబడలేనివాడు అప్సరసకి అడుగు నేర్పుతున్నాడు.

శిల్పి ఉద్దేశం ఇదేనని నేను అనను. ఇది నా చదువు. కానీ నాకు ఆ బొమ్మలో ఒక వాదం కనిపిస్తుంది. నిలబడటం ఎంత కష్టమో తెలిసినవాడే అడుగు నేర్పగలడు. లయ పుట్టుకతో వచ్చినవాడికి అది ఎక్కడ జారిపోతుందో తెలియదు, కాబట్టి జారేవాడికి ఏమీ చెప్పలేడు. భృంగి తన మూడో కాలిని దాచుకోలేదు. దాన్ని కూడా నాట్యంలో పెట్టాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్పాలంటే, కాలికి అసలు పోటీ మర్యాద నుంచి కాదు, పెట్టె నుంచి వస్తోంది. ఈమధ్య మా మండలంలోనే ఒక ఊళ్లో నవమి భజన చూశాను. రిథమ్ ప్యాడ్ పెట్టారు, స్పీకర్లు పెట్టారు. ప్యాడ్ ముందు పందొమ్మిదేళ్ల కుర్రాడు. మోత గట్టిగా, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తోంది. పాట మధ్యలో పల్లకి మలుపు దగ్గర ఆగింది. భజనలో పెద్దవాళ్ల అడుగు దానంతటదే నిదానించింది. ప్యాడ్ నిదానించలేదు. పది క్షణాలపాటు కాళ్లొక చోట, మోత ఒక చోట. గురువు చెయ్యి ఎత్తి "ఆపప్పా దాన్ని" అన్నాడు. కుర్రాడు ఆపాడు. ఒక్కసారిగా గజ్జెలు మాత్రమే మిగిలాయి. పల్లకి కదిలేదాకా ఆ అడుగు అలా ఉన్నచోటే పడుతూ ఉంది. ఆ తర్వాతే పాట అందుకున్నారు.

నేను యంత్రానికి శత్రువుని కాను. ప్రతి శనివారం చెవిలో క్లిక్ పెట్టుకునే వాయిస్తాను, రికార్డింగుకి అది లేకుండా పని జరగదు. కానీ నా వృత్తిలో ఒక పాత పాఠం ఉంది. 1978లో లెస్లీ లాంపోర్ట్ రాసిన ఒక పేపరు ప్రకారం, దూరదూరంగా ఉన్న కంప్యూటర్లు కలిసి పనిచెయ్యడానికి అన్నిటికీ ఒకే కచ్చితమైన గడియారం ఉండి తీరాలనేం లేదు. ఒకదానికొకటి కబురు పంపుకుంటూ ఏది ముందో ఏది తర్వాతో ఒప్పుకుంటే చాలు. భజన వలయంలో అడుగు అలాంటి కబురు. క్లిక్ మాత్రం చెప్తుంది గానీ వినదు. పల్లకి ఆగిందని దానికి తెలిసే దారి లేదు.

కాబట్టి కాలు కొట్టాలా వద్దా అని కొత్తవాళ్లెవరైనా అడిగితే నేను ఇంకో ప్రశ్న అడుగుతాను: నీ కాలు ఎవరి మాట వింటోంది? చేతి మాటొక్కటే వింటుంటే ఆపెయ్, కొన్నాళ్లు నేలకి అంటించి కూర్చో. పక్కవాడి మాట వింటుంటే మాత్రం కనబడనీ. మైకులోకి చప్పుడు వెళ్తే కింద చాప వేసుకోవచ్చు. ఇక సంగీతం గురించి రాసేవాళ్లకి నా విన్నపం: వచ్చే కచేరీలో, వచ్చే భజనలో, వచ్చే పెళ్లి మేళంలో చూపు ఒక్కసారి కిందికి దించండి. అక్కడ ఎవరి కాలు ఎవరికోసం ఆగిందో కూడా రాయండి. ఆగగలగడం కూడా తాళంలో భాగమే.